విమానము – వనిత

సుల్తాను బజారునకు కొలది మైళ్ల దూరముననున్న బేగంపేట విమానాశ్రయపు చరిత్ర పురుషులు మాత్రమే తెలిసికొనదగినదని తలంపకుడు. అందు మనకును భాగము గలదు.

నిజాము రాష్ట్ర రైల్వేయు, టాటావారును గలిసి 1945లో దక్కను ఎయిర్వేసను సంస్థను నెలకొల్పిరి. యుద్ధానంతరము మిగిలిన డకోటా విమానములు మరుసటి యేటినుండి బేగంపేటలో ప్రయాణికుల నెక్కించుకొని మదరాసు, బెంగుళూరు మొదలగు నగరములకు గొనిపోవుచుండెను. రైలులో రాత్రియెల్ల పట్టు పయనము కొన్ని గంటలలో ముగియుచుండెను.

1947లో విమానచోదక లైసెన్సు బడసిన ప్రేమ్ మాథుర్ గారు ఉద్యోగమునకై అనేక సంస్థల నాశ్రయించిరి. స్త్రీ నడుపు విమానమెక్కుటకు జనులు జంకుదురని వారు నిరాకరించిరి. తుదకు ఆమెను చేర్చుకొన్నది మన హైదరాబాదు సంస్థయే. మనదేశమున ప్రయాణిక విమానము నడుపుట వృత్తిగా గైకొన్న మొదటి వనిత ఆమెయే. 1949లో జాతీయ విమాన పందెమునందును ఆమె గెలుపొందిరి. అయినను ఈ సంస్థలో సహాయ చోదకురాలి పదవియే గాని ప్రధాన చోదకత్వము ఆమెకు దక్కలేదు.

1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సునందు లీనమయ్యెను. 2008లో ప్రయాణికుల రాకపోకలు శంషాబాదునకు మాఱినవి.

తలుపు తెఱచుట వేఱు, పీఠమిచ్చుట వేఱు. మన యిండ్లలోను బాలికను చదువనిత్తుము. ఆ చదువుతో నేమి చేయవలయునో మాత్రము ఇతరులు నిర్ణయింతురు. మీ కుమార్తె విమానము నడిపెదనన్నచో నవ్వకుడు. ఆ విద్యకు వలయు గణితమును, భౌతికశాస్త్రమును నేటినుండియే శ్రద్ధగా చదివింపుడు.