యాంత్రిక లంకెలు – పరిష్కర్త బాధ్యత

డిజిటలీకరించిన గ్రంథాలలో ఒక పేరును దానికి సంబంధించిన మరొక పుటతో కలిపే లంకెలను నేడు సాఫ్ట్‌వేరే ఏర్పరుస్తున్నది. వాటిలోని తప్పులను సవరించడం సాంకేతిక నిపుణుల పని అనీ, సాహిత్య పరిశోధకునికి అందులో ప్రమేయం లేదనీ ఒక వాదం వినిపిస్తుంటుంది. ఈ వాదం నిలవదు. లంకె వేయడమంటే ఈ పేరు ఈ వస్తువునే చెబుతున్నదని నిర్ణయించడం. అది పాఠనిర్ణయంతో సమానమైన పని.

గోదావరి జిల్లాల గ్రామనామాలే ఇందుకు నిదర్శనం. భీమవరం అన్న పేరును యంత్రం పశ్చిమ గోదావరిలోని పట్టణంతో కలుపుతుంది. చాళుక్య భీమవరం సామర్లకోట వద్ద ఉన్నది. రెండు చోట్లా పంచారామ క్షేత్రాలే: సామర్లకోటలో కుమారారామం, భీమవరం గునుపూడిలో సోమారామం. తప్పు లంకె వెంట వెళ్ళిన పాఠకునికి అక్కడా పంచారామమే కనిపిస్తుంది గనుక అనుమానం కలగదు. ఒక క్షేత్ర చరిత్ర మరొక దానిలో కలిసిపోతుంది.

కాలభేదం మరొక చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు తూర్పు గోదావరి జిల్లా కేంద్రం కాకినాడ, నేడు రాజమహేంద్రవరం. అమలాపురం ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్నది. పాత సిద్ధాంతగ్రంథంలోని జిల్లా పేరును నేటి పుటతో కలిపితే, అమలాపురంలో సేకరించిన గేయాలు పరిశోధన పరిధికి వెలుపలివిగా కనిపిస్తాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, తరువాత కాటన్ పేరుతో కట్టిన బ్యారేజీ కూడా ఇలాగే ఒకటైపోగలవు.

సాఫ్ట్‌వేర్ వివరణ గ్రంథాల రచయితలకు ఈ సమస్య పాతదే. డాక్సీజెన్ అనే పరికరం వాక్యంలోని మాట ఒక క్లాసు పేరుతో సరిపోలితే తనంతట తానే లంకె వేస్తుంది. అక్కరలేని చోట రచయిత ఆ మాట ముందు శాతం గుర్తు ఉంచి దానిని నివారించాలి. ఆ గుర్తును మూలంలోనే ఉంచాలి. తయారైన పుటను మాత్రమే దిద్దితే, తిరిగి తయారుచేసినప్పుడు పాత తప్పే వస్తుంది. గుర్తు ఎక్కడ ఉంచాలో తేల్చగలవాడు విషయం తెలిసినవాడే. తెలుగులో ఈ భారం ఇంకా ఎక్కువ. ‘భీమవరపు’, ‘భీమవరాన’ అనే రూపాలు ఏ పేరువో యంత్రానికి చెప్పడానికి పుంప్వాదేశం, విభక్తి మార్పులు ఎరిగినవారు కావాలి.

వేలకొద్దీ లంకెలను పరిశీలించడం సాధ్యమా అన్న ఆక్షేపణ సహజం. అన్నింటినీ చూడనక్కరలేదు. ఒకటికి మించిన గమ్యాలున్న పేర్ల జాబితాను యంత్రమే ఇవ్వగలదు. పరిష్కర్త వాటిని పరిశీలిస్తే చాలు. కాలంతో అర్థం మారిన జిల్లా పేర్ల వంటివాటిని ఆ జాబితాకు తానే చేర్చాలి. నిర్ణయానికి ఆధారం లేనప్పుడు లంకెను తొలగించడమే న్యాయం. లంకె లేని పేరు పాఠకుణ్ణి వెతకమంటుంది. తప్పు లంకె వెతకడం మాన్పిస్తుంది.

కనుక లంకెల దిద్దుబాటును తెలుగు శాఖలు గ్రంథ పరిష్కరణలో భాగంగా బోధించాలి. ప్రతి సవరణకూ ఆధారాన్నీ, సవరించినవారి పేరునూ నమోదు చేయాలి. పాఠాంతరాలను నిర్ణయించిన పరిష్కర్తకు ఇచ్చే గౌరవం ఈ పనికీ దక్కాలి.