బీఎస్‌టీ అంటే లండనా? ఢాకానా?

2021 జూన్. ఇంజినీరింగ్ పూర్తయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజులు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది. ‘మధ్యాహ్నం 3 గంటలు, బీఎస్‌టీ’ అని ఉంది. ఆ సంస్థకు లండన్‌లోనూ, ఢాకాలోనూ ఆఫీసులున్నాయి. బీఎస్‌టీ అంటే బ్రిటిష్ సమ్మర్ టైమ్ అనుకున్నాను. లెక్కేస్తే మనకు రాత్రి ఏడున్నర. ఆనందపురంలో మా ఇంటి మేడ మీద సిగ్నల్ బాగుంటుందని ఏడింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎక్కాను. ఏడున్నర దాటింది. ఎనిమిదైంది. ‘ఏటైందిరా, ఇంకా పిలవలేదా?’ అని కింద నుంచి అమ్మ అడుగుతూనే ఉంది. తీరా మెయిల్ తెరిస్తే మధ్యాహ్నమే వచ్చిన సందేశం కనిపించింది. మీరు హాజరు కాలేదు కాబట్టి తర్వాతి అభ్యర్థిని పిలిచాం అని. వాళ్ల బీఎస్‌టీ బంగ్లాదేశ్ స్టాండర్డ్ టైమ్. అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. నేను ఐదు గంటలు లేటు!

మీకు ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నా. ఇంట్లో కూర్చుని పరాయి దేశం టీమ్‌తో పనిచేసే ఉద్యోగాలకు మీలో చాలామంది దరఖాస్తు చేస్తున్నారు. అందుకు ముందుగా ఒక సంగతి తెలియాలి. గడియారం సూర్యుణ్ని బట్టి మొదలైనా, చివరికి నడిచేది మాత్రం ప్రభుత్వం చెప్పినట్టే.

మన గంట ఎక్కడిది?

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 82.5ను నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. ప్రపంచమంతా ఉమ్మడి లెక్కకు వాడే యూటీసీ కంటే మనం అంత ముందున్నాం. ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర నుంచి వచ్చి, మన రాష్ట్రంలో కాకినాడ సమీపంలో సముద్రంలోకి దిగుతుంది. విశాఖ దానికి కాస్త తూర్పున, దాదాపు 83.3 డిగ్రీల దగ్గరుంది. అందుకే మన దగ్గర సూర్యుడికీ, గడియారానికీ తేడా సగటున మూడు నిమిషాలే.

ఈ అదృష్టం దేశమంతటికీ లేదు. గుజరాత్ పడమటి అంచు నుంచి అరుణాచల్ తూర్పు అంచుకు సుమారు 29 డిగ్రీల దూరం. సూర్యోదయంలో దాదాపు రెండు గంటల తేడా. అందుకే అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని పనిచేసే ‘బాగాన్ టైమ్’ బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. రెండు టైమ్ జోన్లు పెట్టవచ్చంటూ 2018లో దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. కేంద్రం మాత్రం ఒకే సమయం వైపు నిలబడింది. వ్యాపార, న్యాయ, పరిపాలన వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక సమయాన్నే తప్పనిసరి చేసే ముసాయిదా నిబంధనలను వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 జనవరిలో ప్రజాభిప్రాయానికి పెట్టింది. పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి.

సరిహద్దు దాటితే...

ఇప్పుడు చుట్టుపక్కల దేశాలు చూద్దాం. యూటీసీ కంటే పాకిస్థాన్, మాల్దీవులు 5 గంటలు ముందు. శ్రీలంకది మన సమయమే, 5.30. నేపాల్ 5.45. బంగ్లాదేశ్, భూటాన్ 6. మయన్మార్ 6.30. అఫ్గానిస్థాన్ 4.30. చైనా అంత పెద్ద దేశమైనా అంతటా ఒకటే సమయం, 8. అందుకే అఫ్గాన్-చైనా సరిహద్దు దాటితే గడియారం ఒక్కసారిగా మూడున్నర గంటలు ముందుకు దూకుతుంది.

నేపాల్‌కు ఆ పదిహేను నిమిషాలు ఎందుకు? 1985 దాకా వాళ్లదీ మన సమయమే. 1986 నుంచి గౌరీశంకర్ పర్వతం మీదుగా వెళ్లే 86.25 డిగ్రీల రేఖను ఆధారంగా తీసుకున్నారు. నాలుగుతో గుణించి చూడండి, సరిగ్గా 5.45 వస్తుంది.

ఇంకో చిత్రం. త్రిపుర రాజధాని అగర్తల, ఢాకాకు తూర్పున ఉంది. సూర్యుడు ముందు అగర్తలలోనే ఉదయిస్తాడు. అయినా అక్కడి గడియారం ఢాకా కంటే అరగంట వెనక! మ్యాప్ చూసి టైమ్ ఊహిస్తే ఇక్కడే దెబ్బతింటాం.

రూల్ కూడా మారుతుంది

ఈ అంకెల్ని బట్టీ పట్టేస్తే చాలదా అంటే, చాలదు. శ్రీలంక కరెంటు కొరతతో 1996లో గడియారాన్ని గంట ముందుకు జరిపింది. అదే ఏడాది అరగంట వెనక్కి తీసుకుంది. 2006 ఏప్రిల్‌లో మళ్లీ మన సమయానికొచ్చింది. బంగ్లాదేశ్ కరెంటు ఆదా కోసం 2009 జూన్‌లో గంట ముందుకు జరిపి, ఆ ఏడాది చివర్లో వెనక్కి తిప్పింది. మనమూ తక్కువేం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1942 నుంచి 1945 దాకా దేశంలో గడియారం గంట ముందు నడిచింది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ మార్పు ఏటా ఉంటుంది. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో ఉదయం 10 గంటల ఇంటర్వ్యూ అంటే చలికాలంలో మనకు రాత్రి 8.30, వేసవిలో 7.30. పాత లెక్కతో మార్చిలో కూర్చుంటే గంట లేటైపోతారు.

మీ కోడ్‌లో టైమ్

విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. దీని డేటా సెంటర్లకు ప్రతిపాదించిన చోట్లలో మా ఆనందపురం మండలంలోని తర్లువాడ కూడా ఉంది. అక్కడ ఎన్ని ఉద్యోగాలొస్తాయన్నది వేరే చర్చ. కానీ సర్వర్లతో పనిచేయాలనుకుంటే టైమ్ లెక్క రాకుండా కుదరదు. ఒక చిన్న లెక్క చేయండి. మూడు సర్వర్లలో మూడు ఎర్రర్లు వచ్చాయి. ఢాకా సమయం 10.40, కాఠ్‌మాండూ సమయం 10.20, కొలంబో సమయం 10.10. ఏది ముందు?

అంకెలు చూస్తే కొలంబో అనిపిస్తుంది. యూటీసీలోకి మార్చండి. ఢాకా 4.40, కాఠ్‌మాండూ 4.35, కొలంబో 4.40. అంటే సమస్య కాఠ్‌మాండూలో మొదలైంది. ఐదు నిమిషాలకు మిగతా రెండు చోట్లా ఒకేసారి వచ్చింది. అందుకే జరిగిపోయిన వాటిని యూటీసీలో భద్రపరచి, చూపించేటప్పుడు స్థానిక సమయంలోకి మార్చాలి. తేడాను గంటల్లో పూర్ణాంకంగా దాస్తే మన దేశం, నేపాల్ రెండూ తప్పవుతాయి.

జరగబోయే మీటింగ్‌కు మాత్రం స్థానిక సమయంతో పాటు ‘ఏషియా/ఢాకా’ లాంటి జోన్ పేరు కూడా దాచాలి. ఎందుకంటే ఈలోగా అక్కడి ప్రభుత్వం రూల్ మార్చవచ్చు. ఈ తేడా ఇంటర్వ్యూలో వివరించగలిగితే మీరు పుస్తకం దాటి ఆలోచించారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

మెయిల్‌కు జవాబిచ్చే ముందు...

పొడి అక్షరాల్ని నమ్మకండి. ఐఎస్‌టీ అన్నా మనదే కానక్కర్లేదు, ఇజ్రాయెల్, ఐర్లాండ్ సమయాలకూ అదే పొట్టి పేరు. జవాబులో ఊరి పేరుతో సహా రెండు సమయాలూ రాయండి: ‘సోమవారం ఉదయం 11 గంటలు ఢాకా సమయం, భారత సమయం 10.30. సరేనా?’ క్యాలెండర్ ఇన్విటేషన్ పంపమని అడగండి. ఫోన్‌లో టైమ్ జోన్ సరిగ్గా ఉంటే మిగతా లెక్క అదే చూసుకుంటుంది.

ఇలా అడిగితే తెలియనివాడు అనుకుంటారేమో అని మొహమాటపడకండి. నేను ఆ జూన్‌లో అలాగే మొహమాటపడ్డాను. ‘బీఎస్‌టీ అంటే ఏ ఊరి సమయం?’ అని ఒక్క లైను రాయడానికి అర నిమిషం పట్టేది.