పీస్ కోర్ పూర్వసేవకులను ఏకము చేయుదము



అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ 1961 మార్చి 1న చేవ్రాలు చేయగా అవతరించిన పీస్ కోర్ అను సేవాసంస్థ, ఆ యేడు ముగియకమునుపే తన తొలి బృందమును పంజాబునకు పంపినది మొదలు, 1976లో ఆ కార్యక్రమము మన దేశమున నిలిచిపోవువరకు, నాలుగువేలకు పైబడిన సేవకులు ఇచ్చట పనిచేసిరి. అప్పుడే కళాశాల విడిచిన యువజనులు మొదలుకొని, అరువదియెనిమిదవ యేట 1966లో వచ్చి బొంబాయి చెంత విక్రోలిలో రోగులకు పరిచర్య చేసిన లిలియన్ కార్టర్, అనగా తరువాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి, వరకు వారిలో నుండిరి. స్వల్పమైన జీవనభృతితో రెండేండ్లు మనవారి నడుమ నివసించి, కోళ్ల పెంపకము, వ్యవసాయము, పౌష్టికాహారము మున్నగు పనులలో పాలుగొన్నవారు తెలుగుదేశమునకును వచ్చిరి.

అమెరికా శాసనము ఈ సంస్థకు మూడు ఆశయములను విధించెను. శిక్షితులైన పనివారు కావలసిన దేశములకు తోడ్పడుట మొదటిది. ఆ దేశీయులకు అమెరికనులను గూర్చి సదవగాహన కలిగించుట రెండవది. అన్యదేశీయులను గూర్చి అమెరికనులకు సదవగాహన కలిగించుట మూడవది. మొదటి రెండును సేవాకాలముతో ముగియవచ్చును గాని, మూడవది స్వగృహము చేరిన పిదపనే ఆరంభమగును.

అది ఏకాకి వలన నెరవేరునది కాదు. ఒకరియొద్ద జాబులుండును, వానిలోని ఊరు మరియొకరికే తెలియును; ఒకరియొద్ద ఛాయాచిత్రముండును, అందలి గ్రామసేవకుని పేరు వేరొకరికే జ్ఞాపకముండును. ఆ కార్యక్రమము శీతలయుద్ధకాలపు రాజనీతితో ముడివడి యుండెననుట సత్యమే; అనుభవములేని పట్టభద్రుడు మన రైతునకు నేర్పినదెంత, రైతువలన నేర్చినదెంత యను ప్రశ్నయు న్యాయమే. అయితే ఆ ప్రశ్నకు ప్రామాణికమైన సమాధానము లభించవలెనన్నను, వచ్చినవారును వారితో కలిసి పనిచేసినవారును ఒకచోట కూడవలసినదే.

కావున మేము కోరునవి నాలుగు. పూర్వసేవకులు తమ తమ బృందముల వారిని వెదకి, ఎవరు ఏ యేట ఏ గ్రామమున నుండిరో జాబితా కూర్చవలెను. తానా, ఆటా వంటి అమెరికాలోని తెలుగు సంఘములు తమ సభలలో వారి సమాగమమునకు చోటు కల్పింపవలెను. జాబులను, దినచర్యలను, చిత్రములను సేకరించి, పూర్వసేవకుల వాఙ్మూలములను భద్రపరచుచున్న బోస్టను నగరములోని కెనెడీ గ్రంథాలయమున ఒక ప్రతిని, తెలుగునాట ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయమున వేరొక ప్రతిని ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, నాటి గ్రామసేవకులను, ఉపాధ్యాయులను, ఇల్లిచ్చి అన్నముపెట్టిన కుటుంబములవారిని అతిథులుగా గాక సమాన సాక్షులుగా పిలువవలెను. వారి మాట లేని చరిత్ర సగము చరిత్రయే.

1966లో ఇరువదిరెండేండ్ల ప్రాయమువారు నేడు ఎనుబదేండ్లు దాటినవారు; మన పెద్దలకును వయస్సు మీరుచున్నది. జాప్యమునకు తావు లేదు. మీ యూర అట్టి సేవకులెవరైన నివసించియుండిన, వారి పేరును, ఉన్న యింటిని, చేసిన పనిని మీ పెద్దల నోట విని ఈ నెలలోనే వ్రాసియుంచుడు; అమెరికాలోని మీ బంధువుల ద్వారా ఆ పూర్వసేవకులకు అందజేయుడు.