చదరపు అడుగు చవక.. ఇల్లు ప్రియం!

రెడీమేడ్ ఇళ్ల కొటేషన్లలో కనిపించని ఖర్చులెన్నో
పోల్చి చూడకుంటే నష్టపోయేది యజమానే

అమలాపురం: ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఇప్పుడు కట్టే శ్రమ లేకుండానే ఇల్లు బిగించి ఇస్తామనే సంస్థలు వచ్చాయి. గోడలు, కప్పు ఫ్యాక్టరీలో తయారు చేసి, లారీపై తెచ్చి, పునాదిపై అమర్చి కొద్ది వారాల్లో తాళం చేతికిస్తామన్నది వాటి ప్రచారం. గల్ఫ్ దేశాల్లో ఉపాధి పొందుతూ స్వగ్రామంలో తల్లిదండ్రులకు గూడు కల్పించాలనుకునే కోనసీమ వాసులకు ఇది ఆకర్షణీయంగా తోచడం సహజం. పనులు దగ్గరుండి చూసుకునే వారు ఇంటివద్ద లేకపోవడమే అందుకు కారణం. అయితే చదరపు అడుగు ధర ఒక్కటే చూసి సంతకం చేస్తే, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఇల్లు పూర్తికాక ముందే కరిగిపోయే ప్రమాదం ఉంది.

తాపీమేస్త్రీ పద్ధతి వేరు

గ్రామాల్లో ఇల్లు కట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. కూలి మేస్త్రీకి మాట్లాడి, ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము యజమానే కొంటాడు. డబ్బు చాలకపోతే గిలాబా ఆపుకొంటాడు. ఏ వస్తువుకు ఎంత ఖర్చయిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. రెడీమేడ్ ఇంటి విషయంలో ఈ వెసులుబాటు లేదు. సరకు కళ్ల ముందుకు రాకముందే సగం సొమ్ము చెల్లించాల్సి రావచ్చు. మధ్యలో ఆపుకొనే వీలు తక్కువ. అందువల్ల జాగ్రత్త అంతా ఒప్పందానికి ముందే పడాలి.

ఒకే ఇల్లు.. రెండు ధరలు

ఉదాహరణకు 800 చదరపు అడుగుల ఇంటికి రెండు సంస్థలు ధర చెప్పాయనుకుందాం. మొదటిది అడుగుకు రూ.1,350, రెండోది రూ.1,750. పైకి చూస్తే మొదటి సంస్థ రూ.10.80 లక్షలకు, రెండోది రూ.14 లక్షలకు ఇస్తున్నట్లు లెక్క. తేడా రూ.3.20 లక్షలు. ఎవరైనా మొదటి దానికే మొగ్గు చూపుతారు.

షరతులు చదివితే లెక్క తారుమారవుతుంది. మొదటి సంస్థ ధరలో పునాది లేదు. దానికి రూ.2.40 లక్షలు. లారీ కిరాయి, క్రేనుకు రూ.60 వేలు, కరెంటు వైరింగుకు రూ.90 వేలు, స్నానాల గది పలకలు, కుళాయి పనులకు రూ.1.10 లక్షలు వేరుగా పెట్టుకోవాలి. రూ.10.80 లక్షలపై 18 శాతం జీఎస్టీ రూ.1,94,400 అదనం. మొత్తం రూ.17,74,400 తేలుతుంది. రెండో సంస్థ ధరలో పునాది తప్ప ఇవన్నీ పన్నుతో సహా కలిసి ఉన్నాయనుకుంటే, పునాది రూ.2.40 లక్షలు కలిపినా రూ.16.40 లక్షలే. చవక అనుకున్నదే రూ.1,34,400 ఎక్కువైంది. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. లెక్క వేసే తీరు మాత్రం ఏ ఇంటికైనా ఇదే.

ఇది చాలదు. పల్లపు స్థలాన్ని మెరక చేయడం, సెప్టిక్ ట్యాంకు, బోరు, విద్యుత్ కనెక్షన్, ప్రహరీ ఖర్చులు కొటేషన్లలో తరచూ కనిపించవు. వీటిని విడిగా రాసుకుని, మొత్తంపై కనీసం పది శాతం అనుకోని ఖర్చులకు కేటాయించుకోవడం క్షేమం. అడుగులు కొలిచే పద్ధతినీ అడగాలి. ఒకరు గోడల వరకే కొలిస్తే, మరొకరు వరండాను, కప్పు అంచులను కూడా కలుపుతారు. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి తగ్గింది. కాబట్టి ఇటుక ఇంటితో పోల్చేవారు పాత అంచనాలను సవరించుకోవాలి.

హైదరాబాద్ డిజైన్ ఇక్కడ నిలుస్తుందా?

కోనసీమకు గాలివానలు కొత్త కాదు. 1996 నవంబరు తుపాను విలయం ఇంకా జనం మరువలేదు. భవనాలపై గాలి ఒత్తిడిని నిర్దేశించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు కాగా, విశాఖపట్నం, విజయవాడలకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. తేడా స్వల్పమే అనిపించినా, గాలి ఒత్తిడి వేగంతో పాటు సూటిగా పెరగదు. వేగాన్ని దానితోనే గుణించిన నిష్పత్తిలో పెరుగుతుంది. ఆ లెక్కన 50 మీటర్ల గాలి 44 మీటర్ల గాలి కన్నా సుమారు 29 శాతం ఎక్కువ బలంతో తాకుతుంది.

బరువైన ఇటుక ఇంటితో పోలిస్తే తేలికపాటి ఇంటికి ముప్పు గాలి పైకి లేపడంలోనే ఉంది. కప్పును చట్రానికి, చట్రాన్ని పునాదికి పట్టి ఉంచే బోల్టులే దాని ప్రాణం. ఏ గాలి వేగానికి డిజైన్ చేశారో ఇంజినీరు సంతకంతో రాసివ్వమని కోరాలి. రాసివ్వని సంస్థ ధర ఎంత తక్కువైనా పోలికలోకి తీసుకోకపోవడమే మేలు.

పలకలోనూ తేడాలే

రెండు రేకుల మధ్య నింపే పదార్థాన్ని బట్టి గోడ పలక ధర, గుణం మారతాయి. థర్మోకోల్ చవక, కానీ మంటకు తట్టుకోదు. రాక్‌ఊల్ మండదు, ధర ఎక్కువ. మందం 50 మిల్లీమీటర్లా, 100 మిల్లీమీటర్లా అన్నది కూడా ముఖ్యం. తీరగ్రామాల్లో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి జింకు పూత చదరపు మీటరుకు 120 గ్రాములా, 275 గ్రాములా అన్నది కొటేషన్‌లో ఉండాలి. ఇవి లేని రెండు ధరలను పోల్చడం బియ్యం రకం చెప్పకుండా బస్తా ధర పోల్చడం వంటిది.

ఈ పరిజ్ఞానమే పనికిరానిదని కాదు. కేంద్రం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో శంకుస్థాపన చేసిన లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లో ఇందోర్‌లో ఇటువంటి పలకలను, అగర్తలాలో తేలికపాటి ఉక్కు చట్రాలను వినియోగించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ ఇటువంటి విధానాలను పరీక్షించి పనితీరు ధ్రువపత్రాలు జారీ చేస్తుంది. సంస్థ వద్ద ఆ పత్రం ఉందేమో చూడాలి.

సొమ్ము చేతిలో ఉన్నంతవరకే మాట చెల్లుబాటు

చెల్లింపులను పని దశలతో ముడిపెట్టాలి. ప్లాను ఖరారుకు కొంత, పలకలు స్థలానికి చేరాక కొంత, బిగింపు పూర్తయ్యాక కొంత చెల్లించి, కనీసం పది శాతం తొలి వానాకాలం గడిచే వరకు నిలుపుకోవడం ఉత్తమం. కప్పు కారేదీ కారనిదీ వానకే తెలుస్తుంది. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరగాలి.

అప్పు తీసుకునేవారు మరో చిక్కును గుర్తించాలి. రూ.30 లక్షల లోపు గృహరుణాల్లో ఇంటి విలువలో 90 శాతం వరకు ఇచ్చేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. కానీ నిర్మాణ రుణాలను బ్యాంకులు స్థలంలో పని జరిగిన కొద్దీ విడుదల చేస్తాయి. పలకలు ఫ్యాక్టరీలో తయారవుతుంటే స్థలంలో చూపడానికి ఏమీ ఉండదు. సంస్థకు బయానా ఇవ్వడానికి ముందే బ్యాంకు మేనేజరును కలవడం అందుకే అవసరం.

వివాదం తలెత్తితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉంది. సంస్థ ఏ నగరంలో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ విచారిస్తుంది. రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. అయితే కమిషన్ ముందు నిలిచేది కాగితమే. ఫోన్‌లో ఇచ్చిన హామీని రుజువు చేయడం కష్టం.

త్వరగా పూర్తవడం రెడీమేడ్ ఇంటికున్న నిజమైన లాభం. ఇల్లు నాలుగు వారాల్లో లేచినా, ఒప్పందం చదవడానికి నాలుగు రోజులు వెచ్చించినవారే ఆ లాభాన్ని పూర్తిగా పొందగలరు.