కపటము - కార్యసిద్ధి

పనిలో పైకి వచ్చుటకు పనితనము ముఖ్యమా, పన్నాగము ముఖ్యమా యను ప్రశ్న నేటిది కాదు. వర్నిలో తేనీటి యంగడి యొద్దనైనను, నిజామాబాదు కచేరీల యావరణములలోనైనను నలుగురు పెద్దమనుష్యులు కూడినచో దీనికి లభించు సమాధాన మొక్కటియే. పనివాడు పని చేయుచునే యుండును, మాటకారి మెట్లెక్కుచునే యుండును అని వారందురు. ఉద్యోగమునకు బయలుదేరు కుమారునకు తండ్రి చేయు హితబోధలో సైతము ఈ మాట చేరినది. కపటమును జీవనోపాయముగా బిడ్డలకు బోధింప నారంభించిన పిమ్మట, ఆ బోధ నిజమో కాదో పరీక్షింపవలసిన బాధ్యత పెద్దలపై నున్నది.

ఈ పరీక్ష కొంతవరకు జరిగియే యున్నది. 16వ శతాబ్దారంభమున ఫ్లారెన్సు నగరవాసి మాకియవెల్లి రాజనీతిపై వ్రాసిన గ్రంథమునుబట్టి, పరులను పావులుగా జరిపి పని గడుపుకొను స్వభావమునకు పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞు లాతని పేరే పెట్టిరి. అమెరికాలో క్రిస్టీ, గైస్ అను పండితులు దానిని కొలుచు విధానమును వివరించి 1970లో గ్రంథము ప్రకటించిరి. 2002లో కెనడా దేశమున పాల్‌హస్, విలియమ్స్ అనువారు ఈ కాపట్యమునకు స్వాతిశయమును, నిర్దయతను జతచేసి, మూడింటిని చీకటి త్రయ మనిరి. స్పర్క్, కెల్లర్, హిర్షి అను మువ్వురు జర్మనీలో క్రొత్తగా ఉద్యోగములలో కుదిరిన 793 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములు ఆలోచింపదగినవి. స్వాతిశయము గలవారికి జీతము హెచ్చుగా నుండెను. కపటోపాయపరులకు పెత్తనపు పదవులును, తమ యుద్యోగ జీవితముపై తృప్తియు హెచ్చుగా నుండెను. నిర్దయులకు మాత్రము జీతము, పదవి, తృప్తి మూడును తగ్గియుండెను.

చూచితిరా, మేము చెప్పినదే నిజమైనదని తేనీటి యంగడిలోని పెద్దమనుష్యుడు సంతోషింపవచ్చును. కాని యాతడు తొందరపడరాదు. పదవి యొకటి, తృప్తి యొకటి, పని యొకటి. మొదటి రెండును ఉద్యోగికి చెందినవి. మూడవది యాతనిని నమ్మి పని యప్పగించినవారికి చెందినది. ఓబాయిల్ మొదలగువారు 1951 నుండి 2011 వరకు జరిగిన పరిశోధనలను కూర్చి, 245 నమూనాలలోని సుమారు 44 వేలమంది వివరములను లెక్కించి 2012లో ప్రకటించిరి. కపటమును నిర్దయతయు హెచ్చినచోట పని నాణ్యము కొంత తగ్గుచున్నదనియు, పనిచోటికి కీడు చేయు చేష్టలు మూడు స్వభావములతోడను పెరుగుచున్నవనియు తేలినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పండితులు విద్యార్థిదశలోనే కొందరి స్వభావమును కొలిచి, సుమారు 14 సంవత్సరముల పిమ్మట వారే స్థితిలో నున్నారో చూచి, 2020లో ఫలితమును వెల్లడించిరి. స్వార్థపరులును, కలహప్రియులును, వంచకులును ఇతరులకంటె హెచ్చు అధికారమును పొందియుండలేదు. దబాయింపువలన సంపాదించినదానిని వారు తోడివారి యాదరము లేమివలన పోగొట్టుకొనిరి. ఈ పరిశీలనలు ఒకే గుణమును ఒకే కొలతతో కొలిచినవి కావు. అయినను ఒకటి బాట మొదటను, ఒకటి బాట నడుమను నిలిచి చూచినవను సంగతి మరువరాదు.

మనకిది వినని కథ కాదు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికను చదివిన ప్రతివాడును దమనకు నెరుగును. కొలువులో మన్నన తప్పిన ఆ నక్క, సింహమునకును ఎద్దునకును చెలిమి కూర్చెను. ఆ చెలిమివలన తన ప్రాముఖ్యము తగ్గగనే ఒకరిమీద నొకరికి చాడీలు చెప్పి మిత్రునిచేతనే మిత్రుని చంపించెను. కథాంతమున దమనకునకు శిక్ష లేదు. ఈ యన్యాయమును సహింపలేకయే కాబోలు, 8వ శతాబ్దమున ఈ కథలను అరబ్బీలో చెప్పిన ఇబ్న్ అల్ ముకఫ్ఫా గ్రంథమున ఆ నక్కపై విచారణ జరిగి మరణశిక్ష పడిన యధ్యాయ మొకటి చేరినది. శిక్ష పడిన కథ మనసునకు హాయి. పడని కథయే మనకు గురువు. ఏలయన, అందు చూడవలసినది నక్క కేమి దక్కెనని కాదు, సింహము ఏమి పోగొట్టుకొనెనని. నమ్మిన చెలికాడు పోయెను, చాడీకోరు మిగిలెను. సింహము ఆ యెద్దును పిలిచి ముఖాముఖిగా నొక్కమాట అడిగియున్నచో కథయే యుండెడిది కాదు.

ఇటీవలి కాలమున తెలుగునాట సత్యం కంప్యూటర్ సంస్థ ఉదంతము జరిగినది. 1987లో హైదరాబాదున స్థాపితమైన ఆ సంస్థకు సుపరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానము 2008 సెప్టెంబరులో లభించెను. నాలుగు మాసములు గడిచెనో లేదో, 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో వేలకోట్ల రూపాయలు అసలు లేనే లేవని లేఖ వ్రాసెను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము ఆతనికిని మరికొందరికిని ఏడేండ్ల శిక్ష విధించెను. మరుసటి నెలలో అప్పీలుపై ఆ శిక్ష నిలుపుదల చేయబడెను. ఆతని స్వభావ మెట్టిదో నిర్ణయించుట మా పని కాదు. మేము చూపదలచిన దొక్కటియే. మొదట చిన్నదిగా నుండిన వ్యత్యాసము ఏటేట పెరిగిపోయినదని ఆ లేఖయే యొప్పుకొన్నది. అన్నినాళ్ళును వెలుపల బహుమానములు, పొగడ్తలు, వాటాల ధరలు విజయమునే చాటుచుండెను. విజయమను భావము వేరు, విజయము వేరు.

మన సీమ చరిత్ర దీనికి రెండవ పుట. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీర నీటిని మన పొలములకు మళ్ళించెను. కోస్తా జిల్లాలనుండి వచ్చి వర్ని ప్రాంతమున క్యాంపులు కట్టుకొన్న రైతులును, ఇచ్చటి రైతులును ఆ నీటితో వరిని, చెరకును పండించిరి. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడెను. చెరకునకు మాటలతో పని లేదు. నరికిన గడ గంటగంటకు ఎండి బరువును, తీపిని కోల్పోవును. ఒకనాటిలో గానుగ చేరినచో మేలు. ఏ కర్మాగారమునందైనను సరే, ఎవరి తోట ముందు నరుకవలెనో నిర్ణయించు ఉద్యోగి, పండిన తోటను విడిచి తనకు దండము పెట్టినవాని పచ్చితోటకు ఉత్తరు విచ్చినచో, రైతునకు తూకములోను, కర్మాగారమునకు చక్కెర రాబడిలోను నష్టము తప్పదు. ఆ యుద్యోగి మాత్రము సాయంకాలము తన చుట్టు మూగిన దండములను లెక్కించుకొని, నావంటి సమర్థుడు లేడని నిద్రించును. తృప్తి యాతని యింటిలో, నష్టము మన పొలములో. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడుటకు గల కారణములు వేరు. వానిని ఈ చర్చలో కలుపము. నేడు చెరకుతోటలు పెక్కు వరిమడులైనవి. అయినను ధాన్యపు రాశియొద్ద కాటా చేతబట్టి తరుగు నిర్ణయించువాడు ఎట్టివాడను ప్రశ్న పోలేదు.

ఇంతమాత్రమున ఉద్యోగికి నేర్పు తగదనియు, కటువుగా మాటలాడువాడే సత్యవంతుడనియు మేము చెప్పుట లేదు. లౌక్యము వేరు, కపటము వేరు. ఎదుటివానికి తెలిసినను చెల్లునది లౌక్యము. తెలిసినచో చెల్లనిది కపటము. కోపముగా నున్న రైతును మంచిమాటలతో శాంతింపజేసి పని నడుపు గుమాస్తా లౌక్యుడు. ఆ రైతు కోపమునకు తోడివాడే కారణమని చాటుగా యజమాని చెవి నూదువాడు కపటి.

తప్పంతయు కపటునిదే యనుకొనుట పొరపాటు. ఆతనికి పదవి నిచ్చువారము మనమే. గుమాస్తాను నియమించు భూస్వామి, సహకార సంఘమునకు అధ్యక్షు నెన్నుకొను సభ్యుడు, దుకాణమునకు పెత్తనదారును పెట్టు వర్తకుడు, అందరును తమ యెదుట బాగుగా మాటలాడినవానినే సమర్థు డనుకొనుచున్నారు. పై యధికారి నడుగుటకు ముందు క్రింది పనివాండ్ర నడుగుడు. కాటా నలుగురి యెదుట నుంచుడు. ఎవరి తోట యెప్పుడు నరుకుదురో, ఎవరి ధాన్య మెప్పుడు తూతురో పట్టిక వ్రాసి గోడకు అంటింపుడు. ఒకనిమీద చాడీ వచ్చినచో ఇరువురను ఎదురెదురుగా నిలిపి వినుడు. ఇందు ఖర్చు కాసంతయు లేదు. కొలత బహిరంగమైనచోట కపటము కూలి కిట్టదు.

అప్పుడు ఉద్యోగమునకు బయలుదేరు కుమారునకు తండ్రి చెప్పు మాటయు మారును. పని నేర్చుకొమ్ము, నీ పనిని నలుగురును కొలువగలుగునట్లు చేయుము అని ఆతడు చెప్పగలుగును. ఆ మాట నిజమగునట్లు మన సంఘములను, దుకాణములను, కొట్లను నడుపుకొనుట పెద్దల విధి.