మతిమరుపుపై పరిశోధన.. మూడేళ్ల కొలువు, ముప్పై ఏళ్ల పని
డిమెన్షియా అధ్యయనాల్లో అడుగిడుతున్న యువతకు దక్కని భరోసా
విశ్రాంత కార్మికులున్న బొగ్గుబెల్టుకూ ఇది పట్టించుకోవలసిన సమస్యే

మందమర్రి: తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం వృద్ధాప్యానికి చేరుకుంది. 1990ల ఆరంభంలో లక్షకు పైబడి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపులకు తగ్గింది. అప్పటివారిలో అత్యధికులు పదవీ విరమణ పొంది గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి పట్టణాల్లోనూ, సొంత పల్లెల్లోనూ శేషజీవితం గడుపుతున్నారు. ఏళ్ల తరబడి ఏ షిఫ్టుకూ ఆలస్యంగా వెళ్లని మనిషి ఒకనాడు ఇంటి దారి మరచిపోతే, వయసు మీదపడింది, చాదస్తమని కుటుంబం సరిపెట్టుకోవడం పరిపాటి. అది చాదస్తమో, డిమెన్షియా అనే జబ్బో తేల్చడానికి వైద్యునికి ఆధారమయ్యేది పరిశోధనే. ఆ పరిశోధనను వృత్తిగా ఎంచుకున్న యువతీయువకులకు మాత్రం వచ్చే ఏడాది కొలువు ఉంటుందో, ఊడుతుందో తెలియని పరిస్థితి నెలకొంది.

లెక్క తేలింది.. చేతులేవీ?

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంటే సుమారు 88 లక్షల మంది. 2036 నాటికి ఈ సంఖ్య కోటీ 69 లక్షలకు చేరవచ్చని అదే అధ్యయనం హెచ్చరించింది. పురుషుల్లో కన్నా స్త్రీలలో, పట్టణాల్లో కన్నా పల్లెల్లో ఈ సమస్య అధికమని కూడా తేల్చింది. ఈ అంకెల వెనుక 4,096 మంది వృద్ధులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, జ్ఞాపకశక్తిని, మాటతీరును, దైనందిన పనుల్లో నేర్పును ఓపికగా పరీక్షించిన శ్రమ ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో క్షేత్రస్థాయి భారం మోసేది ప్రధానంగా ప్రాజెక్టు సిబ్బంది, పరిశోధక విద్యార్థులు, అప్పుడే చదువు ముగించిన మనస్తత్వ నిపుణులు. నివేదిక వెలువడిన నాడు సంస్థల పేర్లు వినిపిస్తాయి. ఈ చేతుల ప్రస్తావన అరుదు.

హైదరాబాద్ చూపిన దారి

ఈ రంగంలో తెలుగునాట జరిగిన కృషి చిన్నది కాదు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే వీరిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా ఉండటం ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది. 2013లో వెలువడిన ఈ పత్రానికి రోగుల నమోదు 2006లోనే మొదలైంది. ఒక్క ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి ఏడేళ్లు పట్టిందన్నమాట. నేడు ఒక పరిశోధక విద్యార్థికి లభించే ఫెలోషిప్ గడువు సాధారణంగా ఐదేళ్లు. ప్రాజెక్టు కొలువైతే మూడేళ్లు దాటడమే గగనం. చిక్కంతా ఇక్కడే ఉంది. వ్యాధి దశాబ్దాలపాటు నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని వెంబడించవలసిన మనిషి కాంట్రాక్టు మాత్రం మధ్యలోనే తెగిపోతుంది.

పరికరం కాదు.. పలుకే ప్రధానం

డిమెన్షియా నిర్ధారణకు పాశ్చాత్య దేశాల్లో రూపొందిన పరీక్షల్లో బొమ్మ చూసి గీయడం, చదివి చెప్పడం, నూరు నుంచి ఏడు చొప్పున తీసివేస్తూ పోవడం వంటివి ఉంటాయి. కలం పట్టని కోల్ ఫిల్లర్ వీటిలో తప్పితే అది జబ్బు వల్లనా, చదువు లేకనా అన్నది తేలదు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సంపుటిని సిద్ధం చేయించి, ప్రామాణికతను నిర్ధారింపజేసింది. అయితే ప్రశ్న తెలుగులో ఉన్నంత మాత్రాన సరిపోదు. అడిగేవారికి స్థానికుల మాట, పని, అలవాటు తెలియాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, గోండి కలగలిసి వినిపించే ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన యువ పరిశోధకులకు ఉండే నేర్పు ఏ యంత్రానికీ రాదు. అయినా ఒక వృద్ధునితో గంటల తరబడి కూర్చోవడం, ఇంటివారి నుంచి వివరాలు రాబట్టడం, ఏడాది తరువాత మళ్లీ వెళ్లి అదే పని చేయడం ఉద్యోగ దరఖాస్తులో ఒక్క వాక్యానికి మించవు. నియామక కమిటీలు లెక్కించేది ప్రచురించిన పత్రాలనే. ప్రయోగశాలలో తోటివారు ఏటా ఒక పత్రం ప్రచురిస్తుంటే, వృద్ధులను ఏళ్ల తరబడి అనుసరించేవారు వెనుకబడిపోతున్నారు.

ఫెలోషిప్పే ఆధారం

నెట్ అర్హత సాధించిన జూనియర్ పరిశోధకునికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్ హోదాలో 42 వేలు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. ఇంటి అద్దె భత్యం అదనం. అంతకుముందు 2019లో పెంపు కోసం దేశవ్యాప్తంగా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కవలసి వచ్చింది. నెట్ ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికి దక్కేది నెలకు 8 వేలే. సొమ్ము సకాలంలో అందకపోవడం మరో బాధ. ఇంటి నుంచి తెచ్చుకోగల స్థోమత ఉన్నవారు నెట్టుకొస్తారు. తండ్రి పింఛనుతో నడిచే కార్మిక కుటుంబం నుంచి వెళ్లినవారు అప్పు చేయాలి, లేదా చదువు మానాలి. పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి ముప్పై దాటుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక బోధన పోస్టులు పెద్దసంఖ్యలో ఖాళీగా ఉండిపోయాయి. పెళ్లి, కాన్పు, పెద్దల సంరక్షణ ఈ వయసులోనే మీదపడటంతో మహిళలకు దారి మరింత ఇరుకవుతోంది. ఇంట్లో మతిమరుపు వచ్చిన పెద్దలకు సేవ చేసేదీ చాలావరకు వారే.

సముద్రాల ఆవలి నిర్ణయం

జాతీయ అధ్యయనానికి ప్రధానంగా నిధులిచ్చింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిధిలోని వృద్ధాప్య పరిశోధన విభాగం. 2025 మే 1న ఆ సంస్థ విదేశీ భాగస్వాములకు ఉప గ్రాంట్లు ఇచ్చే పద్ధతిని మారుస్తున్నట్లు, కొత్త విధానం వచ్చేవరకు పాత తరహా గ్రాంట్లను నిలుపుతున్నట్లు ప్రకటించింది. అక్కడి నిర్ణయంతో ఇక్కడి ప్రాజెక్టు కొలువులు ఊగిసలాడతాయని దీంతో స్పష్టమైంది. స్వదేశీ నిధుల అవసరాన్ని ఇంతకన్నా చెప్పే ఉదాహరణ లేదు. బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడిపే ఫెలోషిప్ పథకం మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్ల రూపాయలతో ఆమోదం తెలపడం ఊరటనిచ్చే అంశం. ఆ పథకం కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అయితే అది అన్ని జీవవైద్య రంగాలకూ ఉమ్మడిది. డిమెన్షియాకు అందులో దక్కేది పోటీని బట్టే.

గనుల్లో మరో నిధి

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. గని చట్టం నిబంధనల ప్రకారం కార్మికునికి కొలువులో చేరేముందు, ఆపై ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్షలు జరగాలి. రక్తపోటు, చూపు, వినికిడి, ఛాతీ ఎక్స్‌రే వంటి వివరాలు నమోదవుతాయి. డిమెన్షియా ముప్పును పెంచే 14 అంశాలను 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది. వాటిలో అధిక రక్తపోటు, వినికిడి లోపం, తలకు గాయాలు, వాయు కాలుష్యం, మద్యపానం, చదువు లేమి ఉన్నాయి. ఇవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడం లేదా వాయిదా వేయడం సాధ్యమని ఆ నివేదిక అంచనా. గని కార్మికునికి ఈ జాబితా కొత్తది కాదు. యువకుడిగా ఉన్ననాటి రక్తపోటు, వినికిడి వివరాలను వృద్ధాప్యంలోని మతిమరుపుతో సరిచూసే అవకాశం దేశంలో ఎక్కువచోట్ల లేదు. ఇక్కడ ఉంది.

కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురలో 10 వేల మంది గ్రామీణులను ఏళ్ల తరబడి పరిశీలించే లక్ష్యంతో బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం పని ప్రారంభించింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యం కాదు. 2022 నవంబరు 15న మంచిర్యాల, రామగుండం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తరగతులు మొదలయ్యాయి. రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, గోదావరిఖనిలో సింగరేణి ఆసుపత్రులున్నాయి. కళాశాలల సామాజిక వైద్య, మానసిక వైద్య విభాగాలు, సంస్థ వైద్య విభాగం చేతులు కలిపితే, కార్మికుల అనుమతితో, పేర్లు గోప్యంగా ఉంచి అధ్యయనం చేపట్టవచ్చు. దానికి కనీసం పదేళ్ల గడువు, క్షేత్ర సిబ్బందికి ఏటా తెగిపోని జీతం, నియామకాల్లో క్షేత్రానుభవానికి గుర్తింపు అవసరం. సామాజిక బాధ్యత నిధుల్లో కొంత ఇందుకు కేటాయించడం సంస్థకు మోయలేని భారం కాబోదు.

బొగ్గు నిక్షేపాల అన్వేషణకు ఏళ్ల తరబడి బోర్లు వేసే సంస్థకు ఓపిక విలువ తెలియనిది కాదు. ఆ బొగ్గును తీసిన మనుషుల జ్ఞాపకాల విషయంలోనూ అదే ఓపిక చూపాలి. ఇప్పుడు మొదలుపెడితే, నేడు గనిలో ఉన్న తరం విశ్రాంతి తీసుకునే నాటికైనా సమాధానం దొరుకుతుంది. యాజమాన్యం, కార్మిక సంఘాలు, ప్రజాప్రతినిధులు ఆలోచించవలసిన తరుణమిదే.