ఒక్క యూరోకి ఇల్లట... కొనేద్దామా?

మొన్న అర్ధరాత్రి మా ఫ్రెండ్ ఓ రీల్ పంపాడు. ఇటలీలోని సిసిలీ దీవి. కొండ మీద పాత ఊరు, రాతి ఇళ్లు, బంగారంలాంటి ఎండ. ‘ఒక్క యూరోకే ఇల్లు’ అని పెద్దక్షరాలు. కింద వాడి మెసేజ్: “మామా, మన లెక్కలో వంద రూపాయలు! బిర్యానీ కూడా రాదు. కొనేద్దామా?”

నవ్వొచ్చింది కానీ, విషయం అబద్ధం కాదు. సిసిలీలోని సాలెమి అనే ఊరు 1968 భూకంపంలో బాగా దెబ్బతింది. పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరోకి ఇస్తామని 2008లో అక్కడి మేయర్ ప్రకటించాడు. 2019లో సంబూకా అనే ఊరు ఇలాంటివే 16 ఇళ్లు అమ్మకానికి పెడితే ప్రపంచమంతా ఎగబడింది.

ఎందుకంత చవక? పనుల కోసం కుర్రాళ్లు మిలాన్‌కో, జర్మనీకో, అమెరికాకో వెళ్లిపోయారు. పెద్దవాళ్లు కాలం చేశారు. ఇళ్లకు తాళాలు మిగిలాయి. ఎవరో ఒకరొచ్చి దీపం పెడితే చాలని ఊరి ఆశ.

కాకపోతే ఆ యూరో వేలంపాట మొదలయ్యే ధర మాత్రమే. సంబూకాలో చాలా ఇళ్లు వేల యూరోలు పలికాయి. పైగా 5,000 యూరోలు డిపాజిట్ కట్టాలి, 3 ఏళ్లలో ఇల్లు బాగుచేయించాలి. లేదంటే డిపాజిట్ గోవిందా. రిపేర్లకే తక్కువలో తక్కువ 15,000 యూరోలు అన్నారు. ఇక పన్నులు, నోటరీ ఫీజు అదనం.

అసలు మెలిక వేరే ఉంది. యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు, ఇటలీలో నివాస పర్మిట్ లేనివాళ్లు కొనాలంటే, ‘మీ దేశంలో మావాళ్లు కొనొచ్చా?’ అని చూస్తుంది అక్కడి చట్టం. మన ఫెమా రూల్స్ ప్రకారం ఇక్కడ నివాసం లేని, భారత మూలాలు లేని విదేశీయులు మన దగ్గర ఇల్లు కొనలేరు. కాబట్టి మన పాస్‌పోర్ట్ మీద రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో పైసా పంపకముందే అక్కడి నోటరీని అడగాలి.

డబ్బు పంపడానికీ లెక్కుంది. ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకే పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. అది రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది. కానీ విదేశీ ఇల్లు రిటర్న్‌లో చూపించకపోతే 10 లక్షల పెనాల్టీ పడొచ్చు. ఇక ఇల్లుంది కదాని వీసా ఇవ్వరు. టూరిస్టుగా వెళ్తే 180 రోజుల్లో 90 రోజులే.

ఇవన్నీ వాడికి టైప్ చేసి పంపాను. బ్లూ టిక్ పడింది. చాలాసేపు రిప్లై లేదు. తర్వాత ఓ ఫొటో వచ్చింది. కోనసీమలో వాళ్ల తాతయ్య పెంకుటిల్లు. ఆరేళ్లుగా తాళం. వానకి ఓ మూల పైకప్పు కుంగింది.

“సిసిలీ ఇల్లు చూస్తే ఇదే గుర్తొచ్చింది రా. దీనికి రీల్ చేసేవాళ్లే లేరు.”

“పెంకులు మార్చడానికి వీసా అక్కర్లేదుగా?” అన్నాను.

“వీసా అక్కర్లేదు. ముగ్గురు బాబాయిల సంతకాలు కావాలి. ఇటలీయే ఈజీ!”

అన్నాడు గానీ, పొద్దున్నే పెద్ద బాబాయికి ఫోన్ చేశాడట. సంక్రాంతికి అందరూ అక్కడే కలుద్దామన్నారట. సంతకాల సంగతి తర్వాత, ముందు ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుకుతున్నారు.